రంగు ఆరేలోపు

(చిత్రకళ విద్యార్థులకూ, బొమ్మలంటే ఇష్టమున్న పెద్దలకూ కలిపి తిరుపతిలో ఒక మే నెల సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

మాటలకు ముందు ఒక చిన్న పని చేస్తాను. ఇది పాత శుభలేఖ అట్ట. దీని మీద మూడు చుక్కలు పెడుతున్నాను. మూడూ నీలమే. మొదటిది నీటిరంగు, పిల్లలు బడికి తీసుకెళ్లే డబ్బాలోది. రెండోది ఆక్రిలిక్. మూడోది నూనెరంగు, గొట్టం నుంచి నేరుగా పిండాను, కాస్త దట్టంగానే. ఇప్పుడు టైము ఆరూ పది. ముందు వరుసలో ఉన్న ఈ అబ్బాయి చేతికి అట్ట ఇస్తున్నాను. నాయనా, నేను అడిగినప్పుడల్లా చూసి చెప్పు. వేలు మాత్రం పెట్టకు.

నన్ను పిలిచినవారు ‘చిత్రకళ శైలులు, సామగ్రి’ అని కాగితం మీద రాసిచ్చారు. డ్రాయింగు మాస్టరుగా ఉన్నన్నాళ్లూ నేను దీన్ని రెండు పాఠాలుగా చెప్పాను. ఒక రోజు శైలులు: పేర్లు, సంవత్సరాలు, ఒక్కో శైలికి ఇద్దరేసి చిత్రకారులు. ఇంకో రోజు సామగ్రి: కుంచె నంబర్లు, కాగితం మందం, ఏ రంగులో ఏ రంగు కలిపితే ఏమవుతుంది. పిల్లలు రెండూ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునేవారు. ఆ రెండూ ఒకే పాఠమని నాకు ఉద్యోగం నుంచి దిగిపోయాక తట్టింది. జీతం తీసుకుంటున్నప్పుడు తట్టి ఉంటే బాగుండేది.

అందుకని ఈ రోజు ఒక్క ప్రశ్న పట్టుకుని తిరుగుతాను. వేసిన రంగు ఎంతసేపు తడిగా ఉంటుంది? చిత్రకారుడి చేతికి ఎంత గడువు ఇస్తుంది? గీత ఎలా నడవాలో, నీడ వేయాలో వద్దో, తప్పు దిద్దుకోవచ్చో లేదో చాలామటుకు ఆ గడువే తేలుస్తుంది. మనం దానికి తర్వాత శైలి అని పేరు పెడతాం.

మన ఊరి పక్కనుంచే మొదలుపెడదాం. ఇక్కడికి ముప్పై అయిదు, నలభై కిలోమీటర్ల దూరంలో శ్రీకాళహస్తి ఉంది, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీకి పేరున్న ఊరు. నా చేతిలో రెండు గుడ్డ పీలికలు ఉన్నాయి. రెండూ ఒకే గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ నుంచి చించినవే. ఒకటి ఉత్తది. రెండోదాన్ని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెట్టాను. మా ఇళ్లల్లో ఎనుము పాలు అంటాం. కాస్త పసుపుపచ్చగా కనిపిస్తోంది చూడండి. ఈ సీసాలో ఉన్నది కసింకారం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే తయారయ్యే నీళ్లు. మూత తీస్తున్నాను, ముందు వరుసవారు నన్ను క్షమించాలి. (నవ్వులు)

ఇది కలం. వెదురు పుల్లను చెక్కి, మొన దగ్గర ఉన్ని చుట్టి, దారంతో బిగించి కడతారు. ఈత పుల్లతోనూ చేస్తారు. ఉన్ని కసింకారాన్ని పీల్చి పట్టుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. ముందు ఉత్త గుడ్డ మీద గీస్తున్నాను. ఏం కనిపిస్తోంది? పారేసిన టీ మరక లాగా వెలిసిన తుప్పు రంగు. ఇప్పుడు అదే కలం, అదే నీళ్లు, కరక్కాయ గుడ్డ మీద. చూశారా? నలుపు! ఆ నలుపు సీసాలో లేదు. బెల్లం పులిసి పుల్లబడిన నీళ్లు ఇనుమును కొద్దికొద్దిగా తిని తమలో కలుపుకున్నాయి. కరక్కాయలో వగరు ఉంది. ఇనుమూ వగరూ గుడ్డ పోగుల్లో కలుసుకున్నచోట నలుపు పుట్టింది. మన తాతలు కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పుతో సిరా కాచుకున్నది కూడా ఈ లెక్కనే. ఈ పీలికలు వెనక్కి పంపుతున్నాను, అందరూ చూడండి.

ఇక గడువు ఎంత? అసలు లేదు. కలం తాకిన క్షణమే గీత పడిపోయింది. రబ్బరుతో చెరగదు, నీళ్లతో కడిగితే పోదు, పైన తెల్లరంగు పూసి కప్పేద్దామంటే ఈ పనిలో తెల్లరంగే లేదు. తెలుపంటే ఏమీ వేయకుండా వదిలిన గుడ్డ. ముందుగా చింత బరికెలు కాల్చిన బొగ్గుతో లేతగా ఒక అంచనా గీసుకుంటారు, దాన్ని దులిపేయవచ్చు. కలం పెట్టాక మాత్రం వెనక్కి రావడం ఉండదు.

మరి పాలెందుకు? పాలలో ఉన్న వెన్న గీతను పాకిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఇరవై ఏళ్ల వయసులో శ్రీకాళహస్తిలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్నాను. గుడ్డ తడిపే పని నాకు అప్పగించారు. పాలు మిగిలితే కాఫీకి పనికొస్తాయని నేను నీళ్లు ఎక్కువ కలిపాను. తెల్లవారి హనుమంతుడి బొమ్మకు తోక గీస్తుంటే గీత రెండు వైపులా ఈనెలు ఈనెలుగా పాకింది. తోక కుచ్చులా అయిపోయింది. ఆయన వచ్చి వంగి చూశారు. “ఇది హనుమంతుడు కాదు నాయనా, ఉడుత” అన్నారు. నా ముఖం చూసి, “పోనీలే, ఉడుతకూ రామాయణంలో చోటుంది” అన్నారు. ఆ రోజు కాఫీ నాకు దిగలేదు.

ఇప్పుడు కాళహస్తి బొమ్మను ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. పెద్ద పెద్ద కళ్లు, నల్లటి నిండు గీత, బుగ్గల మీద నీడ లేదు, దూరాన ఉన్నవాడు చిన్నగా కనిపించడమనే నియమం లేదు, గళ్లు గళ్లుగా కథ, కింద తెలుగు అక్షరాల్లో వివరం. నీడలు వేయడం తెలియక ఇలా గీశారని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నాకు ఒళ్లు మండింది. పడిన రంగును పడినట్టే గుడ్డ తాగేస్తుంటే వెలుగు నుంచి చీకటికి మెల్లగా జారే నీడను ఎలా వేస్తారు? రెండు రంగులను ఒకదానిలోకి ఒకటి కరిగించాలంటే రెండూ తడిగా ఉండాలి కదా. ఉండవు. కాబట్టి భారమంతా గీత మీద పడింది. గీతకు తడబాటు ఉండకూడదు కనుక అదే కన్ను, అదే చేతి ముద్ర, అదే కిరీటం వందసార్లు, వెయ్యిసార్లు గీసి చేతికి కంఠస్థం చేశారు.

ఎరుపు సంగతి ఇంకా విడ్డూరం. ఎరుపు కావలసినచోట ఎర్రరంగు వేయరు, పటిక నీళ్లు వేస్తారు. అవి కంటికి సరిగ్గా కనిపించవు కూడా. తర్వాత గుడ్డను ఉతికి, మంజిష్ఠ వేరో చిరువేరో వేసి కాగించిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. అంటే చిత్రకారుడు ఆ ఎరుపును రేపటికి ఊహించుకుని ఈ రోజు నీళ్లతో గీస్తున్నాడు. ఆ తర్వాత పేడ నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరబెట్టి నేలను తెలుపు చేస్తారు, మళ్లీ పాలలో ముంచుతారు, అప్పుడు కరక్కాయ పువ్వుతోనో దానిమ్మ తొక్కతోనో పసుపు, నీలిమందుతో నీలం, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. మధ్యలో ఉతుకులే ఉతుకులు. పారే నీళ్లలోనే ఉతకాలి, నిలవ నీళ్లలో ఊడిన రంగు మళ్లీ తెల్లచోట్లకు అంటుకుంటుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని స్థిరపడటానికి అది ఒక కారణం. ఆ నదిలో ఇప్పుడు ఏడాదిలో ఎన్నాళ్లు నీళ్లు పారుతున్నాయో మీకే తెలుసు.

ఇవే రంగులతో మచిలీపట్నంలోనూ కలంకారీ చేస్తారు. అక్కడ చెక్క అచ్చులు. అచ్చు వస్తే పువ్వు పక్కన అదే పువ్వు వస్తుంది, తీగ అంచు వస్తుంది, అల్లిక వస్తుంది. కథ చెప్పే ముఖం రాదు. పనిముట్టు మారితే ఇంత తేడా. శ్రీకాళహస్తి పని గత శతాబ్దం మధ్యకు దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ్ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ పరంపరకు చెందిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ హాలులో వారి పని చూడనివారుంటే సిగ్గుపడనక్కర్లేదు, ఆదివారం బస్సెక్కితే చాలు.

అబ్బాయీ, నీటిరంగు ఎలా ఉంది? ఆరిపోయిందా? ఎప్పుడో ఆరిపోయిందా! మే నెల తిరుపతి అంటే అదే.

గుడ్డ నుంచి గోడకు వెళదాం. లేపాక్షి చూసినవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పదహారో శతాబ్దపు గుడి, విజయనగర రాజుల కాలం. స్తంభాలు చూసి, నంది చూసి, మెడ నొప్పెట్టి పైకప్పు చూడకుండా వచ్చేసినవారు కూడా ఉంటారు. ఆ పైకప్పు మీద సున్నపు పూత పూసి బొమ్మలు వేశారు. అక్కడి స్త్రీల చీరల అంచులు చూడండి, ఏ రెండూ ఒక్కలా ఉండవు. నేత పనివారు ఈ నాటికీ వాటిని చూసి నకలు దించుకుంటున్నారు.

సున్నానికి ఒక గుణం ఉంది. సున్నపురాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. నీళ్లు పోసి చల్లార్చి గోడకు పూస్తే, అది ఆరుతూ గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. తడి సున్నం మీద వేసిన రంగు ఆ రాయిలో భాగమైపోతుంది, జిగురు అక్కర్లేదు. కాని సున్నం అన్ని రంగులనూ బతకనివ్వదు. నమ్మకపోతే ఇంట్లో పసుపులో కాస్త సున్నం కలపండి. పారాణి అవుతుంది, పెళ్లికూతురి పాదాలకు పెడతారే, అది. చెట్ల నుంచి తీసిన రంగులు చాలావరకు సున్నం ఘాటుకు మారిపోతాయి, లేదా చచ్చిపోతాయి. నిలబడేవి మట్టి రంగులు: జేగురు, పసుపు మన్ను, పచ్చమన్ను, బొగ్గు నలుపు. గోడ బొమ్మల్లో ఎరుపు, పసుపు, ఆ కావి వన్నె ఎందుకు ఎక్కువ అని అడిగితే, భక్తి, వైరాగ్యం అని వ్యాసాలు రాసేవారున్నారు. ముందు సున్నాన్ని అడగాలని నా మనవి.

ఇటలీలో ఈ తడి సున్నపు పనిని మహా పట్టుదలగా చేశారు. మైకలాంజెలో 1508 నుంచి 1512 వరకు వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనాలయం పైకప్పు వేశాడు. ఆ రోజు ఎంత మేర బొమ్మ వేయగలడో అంత మేరకే పొద్దున సున్నం పూయిస్తాడు. చీకటి పడేసరికి మిగిలిపోయిన సున్నం ఉంటే చెక్కి పారేయవలసిందే. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక రోజు పనికీ ఇంకో రోజు పనికీ మధ్య అతుకులు కనిపిస్తాయి. మన మేస్త్రీలు శ్లాబు ఎక్కడ ఆపారో మనకు తెలిసినట్టే. ఇక్కడ గడువు ఒక పూట. కాబట్టి ఆకారాలు పెద్దవి, నిర్ణయాలు ముందే అయిపోయి ఉంటాయి, కాగితం మీద పూర్తి కొలత బొమ్మ సిద్ధంగా ఉంటుంది.

లియొనార్డో డావిన్చి స్వభావం వేరు. ఒక గీత గీసి గంటసేపు చూస్తూ కూర్చునే రకం. సున్నం ఆయన కోసం ఆగదు. మిలాన్‌లో ‘ఆఖరి విందు’ను 1495, 1498 మధ్య వేసేటప్పుడు, నిదానంగా దిద్దుకోవడానికి వీలుగా ఆరిన గోడ మీద వేశాడు. తనకు కావలసిన నీడలు, వెలుగులు అన్నీ వచ్చాయి. ఆ రంగు గోడలో భాగం కాలేదు. ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. ఈ మధ్యకాలపు మరమ్మతుకే ఇరవై ఏళ్లకు పైగా పట్టింది, 1999లో ముగిసింది. అంత గొప్పవాడే సున్నంతో బేరమాడి ఓడిపోయాడు. నా ఉడుత తోక గుర్తొచ్చినప్పుడల్లా ఈ సంగతి తలచుకుని ఊరట పొందుతాను. (నవ్వులు)

గుడ్డుసొనతో వేసే పద్ధతి గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. రంగు పొడిని పచ్చసొనతో నూరి వేస్తారు. క్షణాల్లో ఆరుతుంది, అందుకని నీడ కావాలంటే సన్నని గీతలు పక్కపక్కనే వందలు గీయాలి. మన దేశపు చిన్న బొమ్మల్లో సొన బదులు తుమ్మబంక వాడారు. ఓపిక మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఆక్రిలిక్ చుక్క ఎలా ఉంది నాయనా? మీద నిగనిగ తగ్గిందా? సరే. మూడోది ముట్టుకోకు.

ఇక నూనెరంగు. నాకు ఇష్టమైనది ఇదే, నన్ను బాగా ఏడిపించిందీ ఇదే. అవిసె నూనెలో నూరిన రంగు. నీళ్లు ఆరినట్టు నూనె ఆవిరి కాదు. గాలిలోని ప్రాణవాయువును తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. కొబ్బరి నూనె ఎన్నాళ్లుంచినా ఇలా గట్టిపడదు, అందుకే తలకు రాసుకుంటున్నాం. పలుచటి పూతకు రోజులు, దట్టంగా వేస్తే వారాలు, లోపలిదాకా గట్టిపడటానికి నెలలు. చిత్రకారుడి చేతికి ఇంత గడువు ఇంకెవరూ ఇవ్వలేదు. పొద్దున వేసిన బుగ్గను సాయంత్రం మెత్తటి కుంచెతో తాకితే ఎరుపు నీడలోకి జారుతుంది. పట్టు మెరుపు, ముత్యం మీద వెలుగు చుక్క, కళ్లలో తడి, అన్నీ ఆ జారుడులోంచి వచ్చినవే. యాన్ వాన్ ఐక్ అనే యూరపు చిత్రకారుడు 1434లో వేసిన దంపతుల బొమ్మలో వెనక గోడకున్న చిన్న అద్దంలో గది మొత్తం కనిపిస్తుంది. గుడ్డుసొనతో అంత మెత్తటి మెరుపు తేవడం చాలా కష్టం.

ఆ నూనెరంగు మన దేశంలో రాజా రవివర్మ చేతికి వచ్చింది. 1848లో పుట్టి 1906లో పోయారు. మన దేవతలకు ఆయన బరువు ఇచ్చారు. అంతకు ముందు మన బొమ్మల్లో లక్ష్మి తామర మీద ఉండేది. ఆయన బొమ్మలో ఆ తామర మీదే బరువుతో నిలబడింది, చీర కుచ్చిళ్లు కిందికి వేలాడాయి, కాలి దగ్గర నీడ పడింది. 1894లో బొంబాయి దగ్గర అచ్చుయంత్రం పెట్టి ఆ బొమ్మలను రంగుల్లో అచ్చు వేయించారు. రాతి అచ్చు అది, ఒక్కో రంగుకు ఒక్కో రాయి, ఒకదాని మీద ఒకటి అద్దాలి. మన పూజగదుల్లో, కిరాణా కొట్టు క్యాలెండర్లలో కనిపించే దేవుళ్ల ముఖాలకు పుట్టిల్లు అదే. ఈ ఊళ్లో కొండకు వచ్చిన ప్రతివాడూ చంకన ఒక పటం పెట్టుకుని దిగుతాడు కదా. ఆ పటంలో స్వామివారి హారం మీద మెరిసే వెలుగు చుక్క అసలు నూనెరంగు భాష. చంకన పెట్టుకున్నవాడికి అది తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

నన్ను ఏడిపించిన కథ చెబుతాను. పెళ్లయి కొత్తల్లో ఖర్చులకు చాలక మనుషుల బొమ్మలు వేసిచ్చేవాణ్ణి. చిత్తూరులో ఒక కుటుంబం వాళ్ల అమ్మగారి బొమ్మ అడిగింది. షష్టిపూర్తికి ఇవ్వాలి. మెడలో కాసులపేరు, రవ్వల పతకం, అన్నీ దట్టంగా, కుంచె ఎత్తితే రంగు లేచేటట్టు వేశాను. తేదీ దగ్గర పడింది. వేలితో తాకితే పైన పొర కట్టింది, ఆరిందనుకున్నాను. దినపత్రిక చుట్టి, తాడు కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. ఎండ, జనం, కుదుపులు. వాళ్లింట్లో అందరి ముందూ కాగితం విప్పుతుంటే మెడ దగ్గర పట్టుకుంది. లాగాను. కాసులపేరు మీద పత్రిక అక్షరాలు తిరగేసి దిగిపోయాయి. అద్దంలో చూపించి చదివితే ఆ వేళ బంగారం ధర. (నవ్వులు, చప్పట్లు) నవ్వండి, నవ్వండి. ఆ అమ్మగారు మాత్రం నవ్వలేదు. “ధర కూడా రాసిచ్చావా నాయనా” అన్నారంతే. బొమ్మ వెనక్కి తెచ్చి, మెడంతా గీకి, మళ్లీ వేసి, నెల రోజులు గదిలో నిలబెట్టి అప్పుడు ఇచ్చాను. పైన ఆరడం, లోపల ఆరడం రెండూ వేరు.

నూనెరంగుకు ఇంకో చిక్కు ఉండేది. పూర్వం రంగు నూరి పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి పెట్టుకునేవారు. సూదితో పొడిచి పిండుకోవాలి, తర్వాత గట్టిగా మూసే వీలు లేదు. 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు గొట్టం కనిపెట్టాడు. మూత బిగించి జేబులో వేసుకుని పొలాల్లోకి వెళ్లవచ్చు. మోనే వంటి ఫ్రెంచి చిత్రకారులు నది ఒడ్డున కూర్చుని, వెలుగు మారేలోపు తడి మీద తడి వేస్తూ గబగబా బొమ్మ ముగించడానికి ఈ గొట్టం చాలా సాయపడింది. ఇక్కడ తమాషా చూడండి. రంగు నెమ్మదిగానే ఆరుతుంది, ఎండే ఆగడం లేదు. గడువు పెట్టింది సూర్యుడు.

నీటిరంగు దగ్గరికి వస్తే మన తెలుగువారికి సొంత చరిత్రే ఉంది. 1903లో జపాన్ నుంచి తైకాన్, షున్సో అనే ఇద్దరు చిత్రకారులు కలకత్తా వచ్చారు. అక్కడి చిత్రకారుడు అవనీంద్రనాథ ఠాకూరు వాళ్ల పని చూసి, రంగు వేసిన కాగితాన్ని మళ్లీ మళ్లీ నీళ్లతో తడిపే పద్ధతిని పట్టుకున్నారు. రంగు వేయడం, ఆరనివ్వడం, కాగితం మొత్తాన్ని నీళ్లలో ముంచడం, మళ్లీ వేయడం. అంచులన్నీ కరిగి మంచులో చూసినట్టు ఉంటుంది. ఆ పద్ధతి ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చింది, అడివి బాపిరాజు వంటివారు అక్కడ నేర్చుకున్నారు. నా ఊహ ఒకటి చెబుతాను, ఊహ అనే తీసుకోండి. కలకత్తా గాలికి, బందరు గాలికి తేమ ఎక్కువ. తడిపిన కాగితం తడిగా ఉంటుంది. ఈ మంచు శైలి మన తిరుపతి మే నెలలో పుట్టి ఉండేది కాదు. ఇక్కడ కుంచె కాగితం మీదికి వచ్చేలోపే సగం ఆరుతుంది. ఆకాశం వేద్దామని మొదలుపెడితే మెట్లు మెట్లుగా చారలు మిగులుతాయి. ఇక్కడి పిల్లలకు నేను చెప్పేది రెండే: తెల్లవారుజామున అయిదింటికి లేచి వేయండి, గిన్నె నీళ్లలో రెండు చుక్కలు తేనె కలపండి. తేనె తేమను పట్టి ఉంచుతుంది. చీమలను మీరే చూసుకోవాలి.

ఆక్రిలిక్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ వాడుతున్నదే. నీళ్లలో కలిసిన ప్లాస్టిక్ జిగురు. నీళ్లు పోగానే ప్లాస్టిక్ పొర మిగులుతుంది. 1950లలో దుకాణాలకు వచ్చింది. నిమిషాల్లో ఆరుతుంది, అంచులు కత్తిరించినట్టు వస్తాయి, కింది రంగును కదపకుండా పైన వేయవచ్చు. మన ఊళ్లో గోడల మీద దేవుళ్ల బొమ్మలు వేస్తున్నవారి చేతిలో ఉన్నవీ ఈ జాతి రంగులే. కుంచె కడగడం మరిచిపోతే అది మళ్లీ కుంచె కాదు, పుల్ల. పిల్లలూ, ఏ రంగైనా సరే, కుంచె మొనను నోట్లో పెట్టి సన్నబరిచే అలవాటు మానేయండి. పాత రంగుల్లో ఎర్రటి ఇంగిలీకం పాదరసం, పసుపుపచ్చ హరిదళం పాషాణం, పాత తెలుపు సీసం, అన్నీ విషాలే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మరి క్యూబిజం ఏ రంగు ఆరడం వల్ల పుట్టింది సార్?)

భేష్! నా గొంతు పట్టుకున్నావమ్మా. ఏ రంగు వల్లా పుట్టలేదు. దాన్ని మొదలుపెట్టిన పికాసో, బ్రాక్ వాడింది పాత నూనెరంగే. వస్తువును నాలుగు వైపుల నుంచి ఒకేసారి చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అది. నా ప్రశ్న అన్ని తాళాలకూ పట్టదు. అయితే 1912లో వాళ్లు గోడకు అంటించే కాగితం, పత్రిక ముక్కలు బొమ్మల్లో జిగురుతో అతికించడం మొదలుపెట్టాక శైలి మళ్లీ మారింది, ముక్కలు పెద్దవయ్యాయి, చదునయ్యాయి. పత్రిక ముక్కలు బొమ్మకు అంటించాలని నాకూ అప్పట్లోనే తెలిసి ఉంటే చిత్తూరులో పరువు దక్కేది. (నవ్వులు)

(ఒక పెద్దాయన: దుకాణాల్లో కలంకారీ అని అమ్మేవి అసలువో అచ్చువో ఎలా తెలుస్తుంది?)

ఒకే బొమ్మ పక్కపక్కన రెండుసార్లు ఉంటే, రెండింటినీ పోల్చండి. రెండు నెమళ్లూ అణువు తేడా లేకుండా ఉన్నాయంటే చేయి కాదు. చేతి గీత మొదలైనచోట లావుగా, తేలినచోట సన్నగా ఉంటుంది, కలం మళ్లీ ముంచినచోట చిన్న ముడి కనిపిస్తుంది. తిరగేసి చూడండి, రంగు గుడ్డలోకి దిగిందా, పైపైన ఉందా అని. కొత్త గుడ్డ అయితే ముక్కు దగ్గర పెట్టుకోండి. కరక్కాయ వగరు, పాల వాసన కొంచెం తగులుతుంది. ఇంటికి తీసుకెళ్లాక కుంకుడు రసంతో చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. అచ్చు వేసినదాన్ని కొనడం తప్పని నేను అనను. అచ్చు అని చెప్పి, అచ్చు ధరకు అమ్మాలి, అంతే.

ఇంకెవరైనా? లేరా? అయితే అబ్బాయీ, ఆ అట్ట ఇలా తీసుకురా. టైము ఏడున్నర కావొస్తోంది. మొదటిది ఆరింది. రెండోది గోటితో గీరినా రావడం లేదు. మూడోదాని మీద వేలిముద్ర ఉంది. ఎవరిదయ్యా ఇది? చేయి వెనక్కి పెట్టుకోకు, చొక్కాకు అంటుతుంది. అంటిందా? నీళ్లు పోయకు, ఇంకా పాకుతుంది. ముందు పొడిగుడ్డతో తుడిచెయ్. చేతికైతే కొబ్బరి నూనె రాస్తే వచ్చేస్తుంది. చొక్కా సంగతి నేను మీ అమ్మగారితో మాట్లాడతాను.